చెక్ చేయనిదే నమ్మని ఆయిలర్

ముందే చెప్తున్నా, నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు, దీర్ఘాలు క్లబ్ వాళ్ళు దిద్దుతామన్నారు. దిద్దకుండా వదిలేసినవి ఉంటే మీరే సర్దుకోండి.

పోయినేడాది నా పెన్‌డ్రైవ్‌లో ఒక సెటప్ ఫైల్ ఉండేది. నాకొకరు ఇచ్చారు, వాళ్ళకు ఇంకెవరో ఇచ్చారు. కరీంనగర్‌లో హాస్టల్ వైఫై సంగతి మీకు తెలిసిందే గదా, నాలుగు జీబీ ఫైల్ దిగాలంటే రాత్రంతా పడుతుంది. అందుకే పెన్‌డ్రైవే దిక్కు. నా రూమ్మేట్‌ది ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు. వాడు నా దగ్గర ఆ ఫైల్ కాపీ చేసుకుని ఇన్‌స్టాల్ చేసుకున్నాడు. తెల్లారేసరికి వాడి ల్యాప్‌టాప్‌లో ఫైళ్ళన్నీ లాక్ అయిపోయాయి, డబ్బులు కట్టమని ఒక మెసేజ్. ప్రాజెక్ట్ పోతే మళ్ళీ రాసుకోవచ్చు. కానీ వాళ్ళ నాయనమ్మ చెప్పిన కథలు రికార్డ్ చేసి అందులోనే పెట్టుకున్నాడు. ఆమె ఆ ఎండాకాలంలోనే చనిపోయింది. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

తర్వాత ఒక సీనియర్ అన్న కూర్చోబెట్టి చెప్పాడు, డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌కు సంతకం ఉంటుంది, ఆ సంతకాన్ని పబ్లిక్ కీతో చెక్ చేయాలి అని. నేను అప్పటిదాకా లినక్స్‌లో ఆ వార్నింగ్ ఎప్పుడొచ్చినా ఎంటర్ నొక్కి ముందుకు పోయిన బాపతు. ఈసారి మాత్రం అసలు ఈ సంతకం ఎట్లా పనిచేస్తుందని వెతుకుతూ పోతే, 1783లో చనిపోయిన ఒక ముసలాయన దగ్గర తేలాను. ఆయన పేరు లియొనార్డ్ ఆయిలర్. ఎం1, ఎం2 పుస్తకాల్లో పేజీకొకసారి కనిపించే ఆయిలరే.

ఆయన 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ ఊళ్ళో పుట్టాడు. తండ్రి పాల్ ఆయిలర్ చర్చిలో పాస్టర్. కొడుకు కూడా పాస్టర్ కావాలని ఆయన కోరిక. మన ఇళ్ళల్లో ఇంజనీరింగ్ ఎట్లనో వాళ్ళింట్లో అది అట్ల. పిల్లాడు 13 ఏళ్ళకే బాసెల్ యూనివర్సిటీలో చేరాడు. అక్కడ యోహాన్ బెర్నౌలీ అని యూరప్ మొత్తంలో పేరున్న లెక్కల పండితుడు ఉండేవాడు. రోజూ పాఠం చెప్పే తీరిక తనకు లేదని, పుస్తకాలు ఇచ్చి సొంతంగా చదువుకోమన్నాడు. అర్థం కానివి ఉంటే శనివారం మధ్యాహ్నం వచ్చి అడగమన్నాడు. పోయి చిన్న డౌట్లు అడిగితే బాగుండదని ఆయిలర్ వారమంతా కూర్చుని వీలైనన్ని తనే తేల్చుకునేవాడట. చివరికి తండ్రిని ఒప్పించింది కూడా ఆ బెర్నౌలీయే, ఈ పిల్లాడిని లెక్కలకు వదిలేయమని.

20 ఏళ్ళ వయసులో పారిస్ అకాడమీ పోటీకి ఓడ మీద తెరచాప స్తంభాలు ఎక్కడ పెట్టాలనే దాని మీద వ్యాసం రాశాడు. సముద్రం లేని దేశంలో పుట్టినవాడు. మొదటి బహుమతి రాలేదు కానీ మెచ్చుకోలు దక్కింది. బాసెల్‌లో ప్రొఫెసర్ ఉద్యోగానికి అప్లై చేస్తే అదీ రాలేదు. వచ్చి ఉంటే ఆ ఊళ్ళోనే ఉండిపోయేవాడేమో. 1727లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీకి బయల్దేరాడు, మళ్ళీ బాసెల్‌లో కాపురం పెట్టలేదు.

ఇక్కడి నుంచి నా కథకు పనికొచ్చే భాగం మొదలవుతుంది.

ఆ అకాడమీలో క్రిస్టియన్ గోల్డ్‌బాక్ అనే ఆయన సెక్రటరీ. ఆయన 1729 డిసెంబర్‌లో ఆయిలర్‌కు రాసిన ఉత్తరం చివర ఒక సంగతి కదిపాడు. ఫ్రాన్స్‌కు చెందిన ఫెర్మా అంతకు 90 ఏళ్ళ కింద ఒక మాట చెప్పిపోయాడు. 3, 5, 17, 257, 65537 ఇవన్నీ ప్రధాన సంఖ్యలు, అంటే ప్రైమ్ నంబర్లు. వీటికొక పద్ధతి ఉంది. 2 తో మొదలుపెట్టి, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తూ పోవాలి, ప్రతి మెట్టులో 1 కలిపి చూడాలి. 2, 4, 16, 256, 65536, వీటికి తలా ఒకటి కలిపితే పై సంఖ్యలే. ఇట్ల ఎంత దూరం పోయినా ప్రైమ్ నంబరే వస్తుందని ఫెర్మా నమ్మాడు, అందరికీ చెప్పాడు. రుజువు మాత్రం ఇవ్వలేదు. ఇది నీకు తెలుసా అని గోల్డ్‌బాక్ అడిగాడు.

ఫెర్మా అంటే మామూలు పేరు కాదు. ఆయన చెప్పాడు గదా అని 90 ఏళ్ళు ఆ మాట అట్లనే చేతులు మారింది, మన పెన్‌డ్రైవ్‌లో సెటప్ ఫైల్ లాగ. ఆయిలర్ కూడా మొదట పెద్దగా పట్టించుకోలేదు. కానీ గోల్డ్‌బాక్ వదల్లేదు. ఇక కూర్చున్నాడు.

ఆరో సంఖ్య 4294967297. దీన్ని ఒక్కొక్క ప్రైమ్‌తో భాగిస్తూ పోతే చేత్తో చాలాసేపు పడుతుంది. ఆయిలర్ పద్ధతి వేరు, అది తర్వాత వేరే పేపర్‌లో వివరించాడు. ఈ సంఖ్యను భాగించే ప్రైమ్ ఏదైనా ఉంటే, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాల్సిందే. అంటే 65, 129, 193 ఇట్ల 64 చొప్పున దూకుతూ పోయి, వాటిలో ప్రైమ్‌లను మాత్రం చూస్తే చాలు. 193 కుదరలేదు, 257 కుదరలేదు, 449, 577 కూడా. ఐదోది 641. అది కుదిరింది. 641 × 6700417 = 4294967297. ఫెర్మా మాట తప్పు. 1732లో ఆయిలర్ అది ప్రకటించాడు. అప్పటికి వయసు 25.

ఇక్కడ నేను చాలాసేపు ఆగాను. ఆ రెండు సంఖ్యలు కనిపెట్టడానికి ఒక ఆయిలర్ కావాల్సి వచ్చింది. కానీ అవి సరైనవో కాదో చూడటానికి ఎనిమిదో తరగతి పిల్లాడు చాలు, గుణిస్తే తెలిసిపోతుంది. చేయడం కష్టం, చెక్ చేయడం సులువు. సాఫ్ట్‌వేర్ సంతకం మొత్తం ఈ తేడా మీదే నిలబడి ఉంది. ఇంకొకటి చూడండి. ఫెర్మా జాబితాలో ఇప్పటిదాకా ప్రైమ్ అని తెలిసిన చివరి సంఖ్య 65537. మీ లినక్స్‌లో ఆర్‌ఎస్‌ఏ రకం పబ్లిక్ కీ ఏదైనా తెరిచి చూడండి, దాదాపు అన్నిట్లో ఘాతం కింద ఈ 65537 కూర్చుని ఉంటుంది. పాత జ్ఞాపకం కోసం పెట్టింది కాదు, బైనరీలో దానికి రెండే 1లు ఉంటాయి కాబట్టి కంప్యూటర్‌కు లెక్క తొందరగా అవుతుంది.

ఆయన ఇంటి సంగతి. 1734లో కాథరీనా గ్సెల్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ఒక చిత్రకారుడి కూతురు. 13 మంది పిల్లలు పుడితే పెద్దయిందాకా బతికింది ఐదుగురే. పిల్లాడిని ఒళ్ళో పెట్టుకుని, మిగతావాళ్ళు కాళ్ళ దగ్గర ఆడుకుంటుంటే లెక్కలు రాసుకునేవాడని ఆయన జీవితం రాసినవాళ్ళు చెప్తారు. మాకు లైబ్రరీలో ఫ్యాన్ చప్పుడు చేసినా చదువు సాగదు. 1735లో ప్రాణం మీదికొచ్చిన జ్వరం, 1738 నాటికి కుడి కన్ను చూపు పోయింది. 31 ఏళ్ళు అప్పటికి.

1741లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ పిలిస్తే బెర్లిన్ పోయాడు. అక్కడ 25 ఏళ్ళున్నాడు కానీ రాజుతో పొసగలేదు. రాజుకు చమత్కారంగా మాట్లాడేవాళ్ళు కావాలి, ఫ్రెంచ్ కవిత్వం కావాలి. ఆయిలర్ పల్లెటూరి పాస్టర్ కొడుకు, పొద్దున పొద్దున ఇంటిల్లిపాదికీ బైబిల్ చదివి వినిపించే మనిషి. రాజు వెనకాల ఆయన ఒంటి కన్ను మీద జోకులేసేవాడు. రాజు తల్లికి ఆయనంటే ఇష్టమే, కానీ ఎందుకు నోరు విప్పవని అడిగితే, మాట్లాడితే ఉరి తీసే దేశం నుంచి వచ్చానమ్మా అన్నట్టు జవాబు చెప్పాడట.

ఆ బెర్లిన్ ఏళ్ళలో రాసినదంతా చెప్పాలంటే ఈ సంచిక చాలదు, దాటేస్తున్నా. మనకు కావాల్సింది 1763లో అచ్చయిన ఒక పేపర్. ఆయిలర్ సిద్ధాంతం అని మనం డిస్క్రీట్ మ్యాథ్స్‌లో మార్కుల కోసం బట్టీ పట్టింది అదే.

దాన్ని చిన్న లెక్కతో చెప్తాను, ఎగ్జామ్‌కు కూడా పనికొస్తుంది. 3, 11 రెండు ప్రైమ్‌లు. గుణిస్తే 33. 1 నుంచి 33 లోపు 33తో ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు లెక్కపెడితే 20 ఉంటాయి. ఆ 20లో ఏ సంఖ్యనైనా తీసుకుని, దాన్ని 20సార్లు గుణించి 33తో భాగిస్తే శేషం 1 వస్తుంది. ఇదే ఆయిలర్ చెప్పింది. అయితే 21సార్లు గుణిస్తే? మళ్ళీ మొదలుపెట్టిన సంఖ్యే వస్తుంది. 21 అంటే 7 × 3. ఇక్కడే ఉంది కిటుకు. 7 నా దగ్గర రహస్యంగా దాచుకుంటాను. 3, 33 ఊరందరికీ చెప్తాను. నేను 4 అనే సంఖ్య మీద సంతకం పెట్టాలి. 4ను 7సార్లు గుణిస్తే 16384, దాన్ని 33తో భాగిస్తే మిగిలేది 16. నా సంతకం 16. మీరు 16ను 3సార్లు గుణించండి, 4096. 33తో భాగించండి, 4 మిగులుతుంది. కలిసింది, అంటే 7 తెలిసినవాడే సంతకం పెట్టాడు.

అసలు కీలలో 33 బదులు 600 అంకెలకు పైబడిన సంఖ్య ఉంటుంది. దాన్ని మళ్ళీ రెండు ప్రైమ్‌లుగా విడగొట్టగలిగితే రహస్యం బయటపడుతుంది, కానీ అంత పెద్దదాన్ని ఇప్పుడున్న కంప్యూటర్లు విడగొట్టలేవు. 4 బదులు మన ఫైల్ నుంచి లెక్కగట్టిన హాష్ ఉంటుంది. ఫైల్‌లో ఒక్క బిట్ మారినా హాష్ మొత్తం మారిపోతుంది, సంతకం కలవదు. డెబియన్‌లో, ఉబుంటులో మనం అప్‌డేట్ కొట్టిన ప్రతిసారీ ఇది జరుగుతూనే ఉంటుంది. ప్యాకేజీల హాష్‌లన్నీ ఒక జాబితాలో, ఆ జాబితా హాష్ ఇంకో ఫైల్‌లో, ఆ ఫైల్ మీద సంతకం.

ఆయిలర్‌కు ఇదంతా తెలియదు. ఆయన ఆ లెక్కను ఇష్టం కొద్దీ చేశాడు. 200 ఏళ్ళు దానితో ఎవరికీ ఏ పనీ పడలేదు. 1977లో రివెస్ట్, షమీర్, అడెల్‌మన్ అనే ముగ్గురు దాన్ని తాళంగా మార్చారు. అంతకు నాలుగేళ్ళ ముందే ఇంగ్లండ్ గూఢచారి సంస్థలో క్లిఫర్డ్ కాక్స్ అనే కుర్రాడు అదే కనిపెట్టాడు కానీ బయటికి చెప్పనివ్వలేదు. ఈ మధ్య కీలు చాలావరకు వేరే రకం గణితానికి, ఎలిప్టిక్ కర్వ్‌లకు మారుతున్నాయి. ఆర్‌ఎస్‌ఏ కూడా ఇంకా విరివిగా ఉంది.

1766లో రష్యా రాణి రెండో కేథరిన్ పిలిస్తే ఆయిలర్ మళ్ళీ పీటర్స్‌బర్గ్ వెళ్ళాడు. పోయిన కొద్ది రోజులకే మిగిలిన ఎడమ కంటికీ శుక్లం కమ్మింది. 1771లో ఊళ్ళో పెద్ద అగ్నిప్రమాదం, ఆయన ఇల్లు అంటుకుంది. చూపు సరిగా లేని మనిషి లోపల. పీటర్ గ్రిమ్ అని బాసెల్ నుంచే వచ్చిన పనివాడు మంటల్లోకి దూరి ఆయన్ను భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. రాసిన కాగితాలు కూడా చాలావరకు దక్కాయి. అదే ఏడాది కంటికి ఆపరేషన్ చేశారు. కొన్ని రోజులు కనిపించింది, తర్వాత ఇన్ఫెక్షన్ వచ్చి ఉన్న చూపు కూడా పోయింది. రెండేళ్ళకు భార్య పోయింది.

ఇంత జరిగాక ఎవరైనా మంచం పడతారు. ఆయన జీవితంలో రాసినదాంట్లో దాదాపు సగం ఈ చూపు లేని కాలంలోనే వచ్చింది. తను చెప్తుంటే కొడుకులు, శిష్యులు రాసుకునేవాళ్ళు. ఆయన బీజగణితం పుస్తకాన్ని రాసుకున్నవాడు అంతకుముందు దర్జీ దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు, రాస్తూ రాస్తూ వాడికే బీజగణితం వచ్చేసిందట. ఒకసారి ఇద్దరు శిష్యులు పొడుగాటి శ్రేణిలో 17 పదాలు కూడితే 50వ అంకె దగ్గర ఇద్దరికీ తేడా వచ్చింది. ఎవరిది కరెక్టో తేల్చడానికి ఆయన మొత్తం లెక్క నోటితో మళ్ళీ చేసి తప్పు పట్టుకున్నాడని చెప్తారు.

సీఎస్‌ఈ వాళ్ళకు ఒక బోనస్. సీ లాంగ్వేజ్‌లో 32 బిట్ల ఇంట్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647 గదా, అది దాటితే మైనస్‌లోకి పోతుందని ల్యాబ్‌లో తిట్లు తిన్నాం. అది ప్రైమ్ అని 1772లో రుజువు చేసింది ఆయనే. అప్పటికి కళ్ళు కనబడవు.

ఇక్కడ ఒక తిరకాసు చెప్పాలి, లేకపోతే ఆయిలర్‌ను దేవుణ్ణి చేసినట్టు అవుతుంది. చివరి ఏళ్ళలో ఆయన కూడా ఫెర్మా చేసిన పనే చేశాడు. 36 మంది ఆఫీసర్ల లెక్క అని ఒకటుంది, ఆరు రెజిమెంట్లు, ఆరు ర్యాంకులు, చదరంలో నిలబెట్టాలి, ఏ వరుసలోనూ రెజిమెంట్ గానీ ర్యాంకు గానీ రెండుసార్లు రాకూడదు. 6కు కుదరదని, 10, 14, 18 లాంటివాటికి కూడా కుదరదని అన్నాడు, రుజువు లేకుండా. 6 సంగతి నిజమే. మిగతాది ఎవరి తప్పు అని చూడటానికి దాదాపు 180 ఏళ్ళు పట్టింది. 1959లో ఆ మాట తప్పని తేల్చిన ముగ్గురిలో ఇద్దరు మన దేశం వాళ్ళు, ఆర్.సి. బోస్, ఎస్.ఎస్. శ్రీఖండే. మూడో ఆయన పార్కర్. ఇది చదివినప్పుడు నాకు తెలియకుండానే చప్పట్లు కొట్టాను, రూమ్‌లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

పెద్దపేరు చూసి నమ్మడం ఎంత ప్రమాదమో సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ సొంత వెబ్‌సైట్‌లోకే దొంగలు చొరబడి డౌన్‌లోడ్ లింకు మార్చేశారు. సైటే చేతికి చిక్కితే పక్కనే రాసి ఉన్న హాష్‌ను కూడా మార్చగలరు, సంతకం మాత్రం ప్రైవేట్ కీ లేకుండా చేయలేరు. అట్లని సంతకం ఉంటే చాలు అనుకోవడానికీ లేదు. 2024లో ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్యాకేజీలో దొంగదారి బయటపడింది. దాని సంతకం కరెక్టే, ఎందుకంటే దొంగే రెండేళ్ళకు పైగా నమ్మకంగా పనిచేసి మెయింటెయినర్ అయ్యాడు. ఎవరు పంపారో సంతకం చెప్తుంది, పంపినవాడి మనసు చెప్పదు.

అయితే ఆ పబ్లిక్ కీ నిజంగా వాళ్ళదేనని ఎట్లా తెలియాలి? దానికి ఫింగర్‌ప్రింట్ ఉంటుంది, 40 అక్షరాలు. అది ఎక్కడంటే అక్కడ, నలుగురికీ కనిపించేటట్టు ఉండాలి, ఎవరూ చాటుగా మార్చలేనట్టు. ఇది వింటే నాకు మన గంగాధర మండలంలో కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట గుర్తొచ్చింది. పదో శతాబ్దంలో జినవల్లభుడు తన అన్న పంప కవి వివరాలను అక్కడ బండ మీద తెలుగు, కన్నడ, సంస్కృతాల్లో చెక్కించాడు. తాటాకు మీద రాసింది కాపీ చేసేవాడు మార్చొచ్చు, బండను మార్చాలంటే ఊరంతా చూస్తది. పంపడి గురించి పుస్తకాల్లో ఉన్నదాన్ని పోల్చి చూసుకోవడానికి చరిత్రకారులు ఇప్పటికీ ఆ బండ దగ్గరికే వస్తారు.

ఆయిలర్ చివరి రోజు 1783 సెప్టెంబర్ 18. అప్పుడే ఫ్రాన్స్‌లో బెలూన్లు ఎగరేస్తున్నారని కబురు, అది ఎంత ఎత్తుకు పోతుందో పలక మీద లెక్క వేశాడు. రెండేళ్ళ కిందే కనిపెట్టిన యురేనస్ గ్రహం కక్ష్య గురించి లెక్సెల్‌తో మాట్లాడాడు. టీ తాగుతూ మనవడితో ఆడుకుంటుంటే మెదడులో రక్తనాళం చిట్లింది. రాత్రి 11 గంటలకు ప్రాణం పోయింది. వయసు 76. అచ్చు కాకుండా మిగిలినవి అకాడమీ ఇంకా దాదాపు 50 ఏళ్ళు అచ్చు వేస్తూనే ఉంది.

పోయిన నెల దసరా సెలవుల్లో నా రూమ్మేట్ ఉట్నూరు నుంచి ఫోన్ చేశాడు. ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేసి డెబియన్ ఎక్కించుకుంటున్నాడట. నాయనమ్మ కథలు వాళ్ళ మేనత్తకు కొన్ని గుర్తున్నాయి, ఆమెతో చెప్పించి మళ్ళీ రికార్డ్ చేయాలని. ఐఎస్ఓ దించాడు, సంతకం కలిసింది, కానీ ఈ కీని నమ్మొచ్చో లేదో నాకు తెలియదని ఆ ప్రోగ్రామ్ వార్నింగ్ ఇచ్చింది. పోయినేడాదైతే ఇద్దరం ఎంటర్ నొక్కేవాళ్ళం. ఈసారి వాడు సైట్‌లో చూసిన ఫింగర్‌ప్రింట్ వాడి దగ్గర, కాలేజీలో పాత డెబియన్ సిస్టమ్‌లో ముందు నుంచే ఉన్న కీది నేను రాసుకున్న కాగితం నా దగ్గర. అక్కడ సిగ్నల్ రెండు గీతలే. వాడు నాలుగు నాలుగు అక్షరాలు చదివాడు, నేను టిక్ పెట్టుకుంటూ పోయాను. మధ్యలో కాల్ కట్ అయితే మళ్ళీ మొదటి నుంచి. పదో ముక్క కూడా కలిశాక, ఉండు ఇన్‌స్టాల్ చేస్తా అని పెట్టేశాడు.